గాలి తగిలిన నీళ్లు

ఆ వీధిలో ఎవరి చొక్కా మీద ఏది ఒలికినా ముందు పరుగెత్తేది మరకలక్క దగ్గరికే. డ్రైక్లీనింగ్ దుకాణం ఆమెది. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, కానీ బోర్డు రాసినవాడే దాన్ని మర్చిపోయి ‘అక్క డ్రైక్లీనర్స్’ అని రాసి పోయాడు. ఆమె కూడా దిద్దించలేదు. కోటు చేతిలో పెడితే మరకని చూడదు, ముందు వాసన చూస్తుంది. “కాఫీ అని అబద్ధాలెందుకు బాబూ, ఇది దగ్గు టానిక్కు” అని మొహం మీదే చెప్పేస్తుంది. చెప్పించుకున్నవాడు నవ్వాలో ఏడవాలో తెలియక రసీదు పట్టుకుని వెళ్లిపోతాడు.

శుభ్రం అంటే ఆమె లెక్కలో ఏ వాసనా రాకపోవడం. సబ్బు వాసన వచ్చినా ఒప్పుకోదు, సబ్బు మిగిలిపోయిందన్నమాట అంటుంది. మరకలు తీసే బల్ల పక్కన కంప్రెసర్‌కి తగిలించిన గాలి గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాంతోనే తడి ఆరగొడుతుంది, దాంతోనే వాసన తరిమేస్తుంది. ఒకసారి నాటకశాలవాళ్లు పాత తెర ఒకటి తెచ్చి పడేశారు. ఎలకలు కాపురం చేసిన తెర. ఊళ్లో దుకాణాలన్నీ చేతులెత్తేశాయి. మరకలక్క దాన్ని పెరట్లో తీగ మీద వేసి, రోజూ కాసేపు గాలి కొట్టి, ఆఖరికి ఏ వాసనా లేకుండా మడతపెట్టి ఇచ్చింది. గాలి తగిలితే పోని కంపు లేదని ఆ దెబ్బతో ఆమెకు స్థిరపడిపోయింది. తర్వాత జరిగినదానికి తప్పంతా ఆ తెరదే అని నేననను గానీ, దాని వాటా దానికుంది.

చెల్లెలిల్లు పక్కనే. రెండిళ్లకీ ఒకటే గోడ, వెనకాల పెరళ్ల మధ్య నడుమెత్తు పిట్టగోడ. చెల్లెలు బట్టలు కుడుతుంది. అక్క దగ్గరికి వచ్చిన కోటుకి గుండీ లేకపోతే అది గోడ మీంచి అటు వెళ్తుంది. చెల్లెలి దగ్గరికి వచ్చిన గౌనుకి మరకుంటే గోడ మీంచి ఇటు వస్తుంది. టీ గ్లాసులూ అదే దారి, కేకలూ అదే దారి. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు మొగుళ్లను సాగనంపి, మళ్లీ చిన్నప్పటిలాగే ఒకరినొకరు దెప్పుకుంటూ బతుకుతున్నారు. “ఆ ముక్కు పెట్టుకుని పోలీసుల్లో చేరాల్సింది, అనవసరంగా దుప్పట్లకి అంకితమైపోయింది” అని అక్క గురించి చెల్లెలు అంటుంది. చెల్లెలి గురించి అక్క అనేవి ఇక్కడ రాయడానికి బాగుండవు.

అలాంటి ఇళ్ల మీదికి నీటి శాఖవాళ్లు వచ్చారు. వీధిలో బోరు నీళ్లు పట్టుకెళ్లారు, మళ్లీ వచ్చి మట్టి పట్టుకెళ్లారు, మూడోసారి మొహాలు ముడుచుకుని వచ్చారు. దుకాణం కింద భూమిలో నీళ్లు పాడైపోయాయని చెప్పారు. పాడుచేసింది ఎవరో కాదు, మరకలక్క పాత మెషీన్‌లో వాడిన మందే. నూనె మరకని మంత్రించినట్టు మాయం చేసే మందు అది, కాస్త తియ్యటి వాసన వేసేది. ఆ మెషీన్ తీసేసి చాలా ఏళ్లయింది. అది నడిచినన్నాళ్లూ అడుగున మిగిలే మడ్డిని ఆమే, ఆమె భర్తా పెరట్లో గుంటలో పోసేవారు. మెషీన్ అమ్మినవాడే అలా చెప్పాడు. సాయంత్రానికల్లా గాలిలో కలిసిపోతుందన్నాడు. నిజంగానే సాయంత్రానికి ఆ గుంట దగ్గర ఏ వాసనా ఉండేది కాదు. ఆమె స్వయంగా వంగి చూసేది.

“పైనున్నది గాలిలోకి పోయిందమ్మా. కిందున్నది కిందికి పోయింది. అది నీళ్ల కంటే బరువు” అని చెప్పింది నీటి శాఖ తరఫున వచ్చిన ఇంజనీరమ్మాయి.

“నూనెలు తీసే మందు నీళ్లలో మునగడమేమిటి? తేలాలి కదా?” అంది అక్క.

“ఇది మునుగుతుంది.”

అక్క బుర్ర అక్కడే తిరగడం మొదలైంది. అది మళ్లీ సరిగా ఆగిందని నేను చెప్పలేను.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నేలకింద నీళ్లు కూడా మెల్లగా నడుస్తాయట. అవి అక్క పెరట్లోంచి గోడ కిందుగా చెల్లెలింటి కిందికి వెళ్తున్నాయట. ఆ నీళ్లలోంచి మందు ఆవిరై, గచ్చు పగుళ్లలోంచి చెల్లెలు కుట్టుమిషన్ పెట్టుకునే గదిలోకి లేస్తోందట. అక్క ఉండేది పైగదిలో, కిటికీలు తీసి ఉంటాయి. చెల్లెలిది ఒక్క అంతస్తు, తలుపులు వేసుకుని పొద్దంతా మిషన్ ముందు కూర్చునే మనిషి. గదిలో గాలి పరీక్షచేసి, ఇల్లు ఖాళీ చేయమన్నారు. పోసింది అక్క, పోవాల్సింది చెల్లెలు. ఇదెక్కడి న్యాయమో అక్కకి అర్థం కాలేదు. ఇంజనీరమ్మాయినడిగితే ఆమె తన కాగితాల వైపు చూసింది.

చెల్లెలు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఊరికి ఆ చివర, మేడమీద ఒక గది చూసుకుని, మిషన్ దించుకుని వెళ్లిపోతూ, “నువ్వు పోస్తుంటే నేనూ చూశానుగా, వద్దన్నానా” అంది. ఆ మాట అక్క గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. అది క్షమించడమో, తప్పులో తనూ వాటా తీసుకోవడమో, ఇంక మాట్లాడేదేమీ లేదని చెప్పడమో ఆమెకి తేలలేదు. గుండీలూడిన కోట్లు దుకాణంలో ఒక మూల పోగవసాగాయి. ఇంకో దర్జీకి ఇవ్వడానికి ఆమెకి మనసొప్పలేదు.

ఇంజనీరమ్మాయి మళ్లీ వచ్చింది, ఈసారి ఉపాయంతో. పెరట్లో అక్కడక్కడ సన్నటి గొట్టపు బావులు దించారు. మనిషి చెయ్యి పట్టేంత వెడల్పు, పైన మూత, మూతకి తాళం. పిట్టగోడ పక్కనే ఒకటి. చెల్లెలింటి సంగతి తేల్చేది ఆ గోడ పక్క బావే అని చెప్పింది.

“దీంట్లోంచి మందు తోడేస్తారా?” అని అడిగింది అక్క.

“తోడితే కొంతే వస్తుందమ్మా. మేం లోపలికి క్రిముల్ని వదులుతాం.”

అక్క చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె స్టాండు మీద పెట్టేసింది. “క్రిముల్నా? నా పెరట్లోనా? జీవితమంతా వాటిని చంపడమే నా పని కదే అమ్మాయ్!”

“ఇవి పనికొచ్చేవి. మనం గాలి పీల్చుకున్నట్టు ఇవి ఆ మందుని పీల్చుకుంటాయి. మందులో నాలుగు క్లోరిన్లుంటాయి, ఒక్కొక్కటే ఊడబీకుతాయి. నాలుగూ ఊడితే మిగిలేది కాయలు పండబెట్టే గ్యాసు. దానితో మనకేం భయం లేదు.”

“అంటే కోటుకి గుండీలు పీకినట్టు.”

“అచ్చంగా అంతే.”

“మూడు పీకి ఒకటి వదిలేస్తే?”

ఇంజనీరమ్మాయి మొహంలో నవ్వు తగ్గింది. “అదే అన్నిటికన్నా చెడ్డది. మొదటి మందు కంటే పాడుది. అక్కడ ఆగకూడదు.”

ముందు చక్కెర మిల్లులో మిగిలే చెరకు మడ్డిని నీళ్లలో కలిపి బావుల్లో పోశారు. నేలలో ఉండే మామూలు క్రిములు ఆ తీపికి ఎగబడి తిని, నీళ్లలో ఉన్న గాలినంతా ఖాళీ చేస్తాయట. గాలి పోయాక అసలువాళ్లు దిగుతారు. వాళ్లు ఒక స్టీలు క్యానులో వచ్చారు, బిగించిన మూతతో, చుట్టూ మెత్తలతో. క్యాను నుంచి బావిలోకి వేసే గొట్టంలో గాలి లేకుండా ముందు ఏదో గ్యాసు పంపారు. ఎందుకంత ఆర్భాటమని అక్క అడిగితే, గాలి తగిలితే ఇవి బతకవని చెప్పారు. అక్క తలూపింది. పాలు ఇంటికి చేరేదాకా విరగకుండా చూసుకున్నట్టు, దారిలో తీసుకునే జాగ్రత్త కాబోలు అనుకుంది. ఇంటికి చేరాక ఎవరి బతుకు వాళ్లు బతకరా? ఎవరూ ఆమెని ‘నీకేం అర్థమైంది’ అని అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇలాంటివి లోకంలో రోజూ జరుగుతాయి.

బావుల తాళంచెవి ఆమె దగ్గరే ఉంచారు. అప్పుడప్పుడూ వచ్చి నీళ్లు తోడి చిన్న చిన్న సీసాల్లో నింపుకుని పోయే ఆయనొకడున్నాడు. వీధిలో అందరూ సీసాలాయన అనేవారు. మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ల్యాబులో ఏం తేలిందో ఇంజనీరమ్మాయి కంటే ముందు వీధికి తెలిసేది.

అలా వానలు వచ్చి వెళ్లాయి. మందు తగ్గిందని సీసాలాయన చెప్పినప్పుడు అక్క ఆనందపడింది. మరుసటిసారి రెండో మందేదో పెరిగిందన్నాడు. ఆపైన ఒక్క క్లోరినే మిగిలినది, ఆ చెడ్డది, కొద్దికొద్దిగా కనబడుతోందన్నాడు. ఇంజనీరమ్మాయి మాత్రం ఇదంతా బాగానే ఉందంటుంది! తగ్గడం బాగే, పెరగడమూ బాగేనా? అక్కకి ఒళ్లు మండింది, దానికంటే ఎక్కువ భయమేసింది.

దానికితోడు కంపు. మొదట్లో తేటగా ఉన్న గోడ పక్క బావి నీళ్లు బూడిదరంగుకి తిరిగి, తర్వాత నల్లగా అయిపోయాయి. మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు గుప్పున కొట్టేది. సీసాలాయన మొహం పక్కకి తిప్పుకుని నింపేవాడు. మూత వేశాక కూడా ఆ కంపు పెరట్లోనే ఉన్నట్టు అక్కకి అనిపించేది. తీగ మీద ఆరేసిన దుప్పట్లని పదేపదే వాసన చూసేది. ఇంత నల్లటి నీళ్లని చూపించి ‘శుభ్రమవుతోంది’ అంటే ఎలా నమ్మాలో ఆమెకి తెలియలేదు.

ఒక సెలవురోజు చెల్లెలు చూడ్డానికి వచ్చింది. సీసాలాయన అప్పుడే బావి తెరిచి ఉన్నాడు. చెల్లెలు పెరట్లో అడుగుపెట్టి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వెనక్కి తగ్గింది.

“ఇదేమిటక్కా? ఇలా కుళ్లిపోతుంటే నేనెప్పటికి వస్తాను?”

“వస్తావే. బాగుపడుతోందంటున్నారు.”

“ఆ మేడమెట్లు ఎక్కలేకపోతున్నా. మోకాళ్లు పట్టేస్తున్నాయి. అక్కడ నన్ను పలకరించే దిక్కు లేదు. గోడ మీద చెయ్యి వేస్తే అవతల ఎవరిదో వంటిల్లు.” రుమాలు తీయకుండానే, “వస్తాననుకోవడం మానేస్తే నయమేమో” అంది.

టీ తాగకుండానే వెళ్లిపోయింది. గోడ మీద పెట్టిన గ్లాసు అలాగే ఉంది. అక్క ఆ గ్లాసునీ, ఆ బావినీ మార్చి మార్చి చూసింది. చెల్లెలు రానన్నది మందుకి భయపడి కాదు, ఆ కంపుకి విసిగి అని ఆమెకి తోచింది. కంపు పోగొట్టడం తనకి చేతకాని పనా? ఆ మాట తట్టగానే ఎన్నాళ్లుగానో కుదురులేని మనిషికి కాస్త ఊపిరాడింది. ఇన్నాళ్లకి తనకి అర్థమయ్యే పని ఒకటి దొరికింది.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో రద్దీ తగ్గాక గాలి గొట్టాన్ని పెరట్లోకి లాక్కొచ్చింది. కొసకి ఇనుప హ్యాంగరు ముక్క బరువుగా కట్టి, మూత తీసి, బావిలోకి దించింది. కంప్రెసర్ వేసింది. లోపల నీళ్లు బుడగలెత్తి గడగడలాడాయి. కంపు ఒక్కసారి పెరట్లోకి విరుచుకుపడింది, ఆమె కళ్లు మంటలెత్తాయి, అయినా కదల్లేదు. ఆ నాటకాల తెర కూడా మొదటిరోజు ఇలాగే ఎదురుతిరిగింది. రోజూ అదే పని. కొన్నాళ్లకి కంపు పలచబడింది, మరికొన్నాళ్లకి పూర్తిగా పోయింది. తోడి చూస్తే నీళ్లు ఇంతకుముందులా నల్లగా లేవు. అక్క ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. ఏ వాసనా లేదు. గర్వంగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, దుప్పటికి గాలి కొట్టినప్పుడు ఎవరికి చెప్పింది కనుక?

సీసాలాయన వచ్చి నింపుకుని వెళ్లాడు. ల్యాబు ఫలితం వచ్చిన రోజు రొప్పుతూ దుకాణంలోకి వచ్చాడు.

“అక్కా, గోడ పక్క బావిలో ఏమీ లేదు! మొదటిదీ లేదు, చెడ్డదీ లేదు. చిన్నక్కకి ఫోన్ చేసి చెప్పేశా. సామాను సర్దుకోమన్నా.”

అక్క చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. మూలనున్న కోట్లన్నీ తీసి దులిపింది. ఏ కోటుకి ఏ గుండీ అని వెతకడం మొదలుపెట్టింది.

కానీ వెనకాలే వచ్చిన ఇంజనీరమ్మాయి మొహంలో ఆ కళ లేదు. పెరట్లోకి వెళ్లి, మూత తీయించి, తీగకి కట్టిన పరికరం ఒకటి బావిలోకి దించి, దానివైపు చూస్తూ కూర్చుంది. ఇంకోసారి దించి చూసింది. అక్క పక్కనే నిలబడింది.

“ఏమైందమ్మాయ్? అంతా పోయిందటగా?”

“పోయింది. అదే నాకర్థం కావట్లేదు.” ఆమె జుట్టు వెనక్కి తోసుకుంది. “చుట్టుపక్కల బావులన్నిట్లో పని సగంలో ఉంది. ఇక్కడ మాత్రం ఒక్కసారే మాయం. సరే, క్రిములే చేశాయనుకుందాం. మరి చివర్లో మిగలాల్సిన గ్యాసేదీ? మీరే అన్నారుగా, గుండీలు పీకితే కోటన్నా మిగలాలి. ఇక్కడ కోటూ లేదు, గుండీలూ లేవు. పైగా నీళ్లలో బోలెడు గాలి ఉంది. ఎలా వచ్చింది?”

అక్క ఒకసారి దుకాణం వైపు చూసింది. “గాలుంటే ఏం?”

“క్రిములు చచ్చిపోతాయి కదమ్మా. ఎవరో గాలి కొట్టినట్టుంది. అలా కొడితే గొట్టంలో ఉన్న కాసిన్ని నీళ్లలోంచి మందు పైకి లేచి పోతుంది. సీసాలో చూస్తే శుభ్రం. చుట్టూ మట్టిలో ఉన్నది ఎక్కడికీ పోదు, మళ్లీ ఊరుతుంది. అయినా పనిలేకపోతే గానీ బావికి గాలెవరు కొడతారు?” అని తనే నవ్వేసి, “మూత పాడైందేమో. సాయంత్రంలోగా నేను రాసి పంపాలి. ఈ ఫలితం నిజమంటే మీ చెల్లెలిల్లు తెరుస్తారు. సందేహమంటే ఆపేస్తారు. ఏం రాయాలో తెలియట్లేదు” అంది.

పాలూ, క్యానూ, దారీ అన్నీ కలగాపులగంగా అక్క తలలో తిరిగాయి. చెప్పాలా? చెబితే చెల్లెలు రాదు. చెప్పకపోతే వస్తుంది, ఆ గదిలో తలుపులేసుకుని కూర్చుంటుంది. అయినా వాసన లేదు కదా, తన ముక్కుకి తెలియదా? బావి మీదికి వంగింది. ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే ఆమెకి గుంట గుర్తొచ్చింది. సాయంత్రాలు వంగి చూసినప్పుడు అక్కడా ఇలాగే ఏమీ ఉండేది కాదు.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. చెల్లెలు సీసాలాయన మాట పట్టుకుని సామానుతో సహా వచ్చేసింది. మిషన్ దుప్పటిలో చుట్టి ఉంది, బొత్తాల డబ్బా ఒళ్లో ఉంది. దిగీ దిగగానే తన గుమ్మం దగ్గరికి వెళ్లి తాళంలో చెవి పెట్టింది. ఎన్నాళ్లకో ఆమె మొహం విప్పారి ఉంది. అక్క పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

“తీయకే. ఆగు.”

“ఏమైంది? నీళ్లు కడిగిన ముత్యంలా ఉన్నాయని చెప్పాడే!”

“నేనే కడిగాను.”

చెల్లెలు అర్థంకానట్టు చూసింది.

“గాలి కొట్టాను. దుకాణంలో గొట్టం దించి, రోజూ. పైపైన పోయిందంతే, కిందున్నది కిందే ఉంది. క్రిములు చచ్చిపోయాయి. నేనే చంపాను.”

“ఎందుకు?”

“కంపు కొడుతోందని. నువ్వు రానన్నావుగా ఆ కంపుకి.”

వెనకాలే వచ్చిన ఇంజనీరమ్మాయి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. కోప్పడాలో, సందేహం తీరినందుకు ఊపిరి పీల్చుకోవాలో ఆమెకీ తెలిసినట్టు లేదు. మెల్లగా చెప్పింది. ఈ గోడ పక్క మళ్లీ మొదటికొచ్చినట్టే. మళ్లీ చెరకు మడ్డి పోయాలి, మళ్లీ క్యాను తేవాలి, మళ్లీ ఆగాలి. మిగతా బావులు బాగానే ఉన్నాయి.

చెల్లెలు తాళంలోంచి చెవి తీసేసింది. గుమ్మం మీద కూర్చుని బొత్తాల డబ్బా వైపు చూస్తూ ఉండిపోయింది. వ్యాను డ్రైవరు వచ్చి, “సామాను దించాలా అమ్మా, వద్దా?” అని అడిగాడు.

“వద్దు. వెనక్కి పోనీ” అని లేచింది చెల్లెలు. అక్క ముందు చెయ్యి చాపింది. “బావి తాళంచెవి ఇలా ఇవ్వు.”

“ఏది?”

“అదే. ఇకనుంచి నా దగ్గరుంటుంది. ఒక్క మురికినైనా దాని మానాన దాన్ని వదిలేయడం నీకు చేతకాదు.”

అక్క కొంగున ముడేసిన చెవి విప్పి ఇచ్చింది. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని అందరూ అంటారు గానీ, ఆమెకి అలాంటిదేమీ అనిపించలేదు.

మళ్లీ చెరకు మడ్డి పోశారు. మళ్లీ క్యాను వచ్చింది. ఈసారి ఇంజనీరమ్మాయి అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, గాలి సంగతీ, నీళ్లలో గాలి అయిపోతేనే ఆ నలుపూ ఆ కంపూ వస్తాయన్న సంగతీ మొదటి నుంచీ చివరిదాకా చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకుంది. అక్క బడిపిల్లలా అప్పజెప్పింది. అప్పజెప్పినంత మాత్రాన నమ్మకం కుదురుతుందా? గాలి చావు, కంపు బతుకు అని నోటితో అంటున్నా, చేతులు మాత్రం ఆ గాలి గొట్టం వైపే పోయేవి. దాన్ని చుట్టచుట్టి అటక మీద పడేసి, మరకలకి ఇంకో పొట్టి గొట్టం కొనుక్కుంది.

సీసాలాయన వచ్చే రోజు చెల్లెలు వచ్చేది. ఊరికి ఆ చివర నుంచి, తాళంచెవి పట్టుకుని. తాళం తీసేది, ఆయన నింపుకునేదాకా నిలబడేది, వేసేది, వెళ్లిపోయేది. అక్కతో మాటలు అవసరానికే. అక్క మాత్రం ప్రతిసారీ గోడ మీద టీ గ్లాసు పెట్టేది. ప్రతిసారీ అది చల్లారేది, ప్రతిసారీ తనే పారబోసేది. గుండీల కోట్లు మాత్రం చెల్లెలు ఒక సంచిలో వేసుకుని పోయేది, వచ్చేసారికి కుట్టి తెచ్చేది. అది పని కాబట్టా, మనసు కాస్త మెత్తబడా అని అక్క తల పట్టుకునేది.

కంపు మాత్రం రాలేదు. కంపు కోసం కళ్లలో వత్తులేసుకుని ఎదురుచూసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లి, తాళం వేసిన మూత దగ్గర వంగి ముక్కు పెట్టేది. ఇనుము వాసన, తడిమట్టి వాసన, అంతే. ఒకరోజు ఏదో వచ్చినట్టనిపించి గంతేసింది, చూస్తే పక్కింటివాళ్ల చెత్తబుట్ట. జీవితమంతా ఏది రాకూడదని చూసిందో అదే రమ్మని వేడుకుంటోంది. తనకి మతి పోతోందేమోనని కూడా అనుకుంది. దుకాణానికి వచ్చినవాళ్లతో సైతం, “శుభ్రం అంటే ఏమిటంటావ్ బాబూ?” అని అడిగేది. వాళ్లు తమ చొక్కాలు జాగ్రత్తగా వెనక్కి తీసుకునేవారు.

ఒకరోజు మామూలుగానే సీసాలాయన వచ్చాడు, చెల్లెలు వచ్చింది. అక్క గోడ మీద గ్లాసు పెట్టి, దూరంగా తీగ దగ్గర నిలబడింది. చెల్లెలు తాళం తీసి మూత ఎత్తింది. ఎత్తగానే వెనక్కి ఒక అడుగు వేసి, చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకెళ్లింది. సీసాలాయన మొహం వికారంగా పెట్టి, పక్కకి తిరిగి, పంపు వేసి సీసాలు నింపాడు. నీళ్లు నల్లగా వచ్చాయి.

“అక్కా” అని పిలిచింది చెల్లెలు. ఎన్నాళ్లకో ఆ పిలుపు పిలుపులా వినబడింది. “ఇటు రా. ఇది ఆ కంపేనా?”

అక్క వచ్చింది. వంగింది. కళ్లు మూసుకుని, కోటు చేతిలో పెట్టినప్పుడు చూసినట్టే చూసింది. కుళ్లిన గుడ్లు. అడుగున కాస్త తీపి పులిసిన వాసన. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. సంతోషమో, కంపు ఘాటో ఆమెకే తెలియలేదు.

“అదేనే. ఇంకా ఎక్కువ” అంది. అంటూనే గాభరాగా నిటారుగా నిలబడింది. “చూస్తావేమిటి, మూత వెయ్! గాలి తగులుతోంది!”

చెల్లెలు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, పకపకా నవ్వేసింది. నవ్వుతూనే మూత వేసింది, తాళం పెట్టింది, చెవి తన సంచిలోనే వేసుకుంది. ఇల్లు తెరవడానికి ఇంకా చాలా కాలం పడుతుందని సీసాలాయన ఏదో చెప్పబోయాడు. అతని మాట ఎవరూ వినిపించుకోలేదు. చెల్లెలు వెళ్లి పిట్టగోడ మీద, బావి పక్కనే కూర్చుంది.

“టీ ఏదీ?” అంది.

గ్లాసులో టీ అప్పటికే చల్లారిపోయింది. వేడిగా పెట్టుకొస్తానని అక్క లోపలికి పోబోయింది. అక్కర్లేదని చెల్లెలు ఆ గ్లాసే అందుకుని, ముక్కు మూసుకోకుండా తాగింది.